ట్రాకమ్మ విరుపు

మా స్టూడియోలో ఆమెను అందరూ ట్రాకమ్మ అనేవారు. ఆఫీసు గుమాస్తా మొదలుకొని పాటలు కట్టే పెద్దల దాకా అదే పిలుపు. ఆమె కూడా ఫోన్ ఎత్తితే "నేనండీ, ట్రాకమ్మని" అనేది, ఏదో బిరుదు ఇచ్చినట్టు.

ట్రాక్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. పాట కట్టినాయన పాట కట్టేస్తాడు. పాడవలసిన పెద్ద గాయనికి తీరిక నెల తర్వాత ఎప్పుడో ఉంటుంది. ఈలోగా వాయిద్యాల వాళ్ళు వాయించాలన్నా, ఆ పెద్దావిడ విని నేర్చుకోవాలన్నా, ఎవరో ఒకరు ముందుగా పాడి పెట్టాలి. ఆ ఎవరో ఒకరే మా ట్రాకమ్మ. పెద్దావిడ వస్తుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది, చెవిలో ట్రాకమ్మ గొంతు వింటూ దాని మీద తన గొంతు పరిచి వెళ్ళిపోతుంది. అప్పుడు నేను కింది గొంతు చెరిపేస్తాను. నేను రికార్డిస్టుని. పాతికేళ్ళుగా నా పనిలో సగం ఇదే. ఆమె పాడుతుంది, నేను చెరుపుతాను.

నన్ను ముక్కోపి అంటారు. అననివ్వండి. గాజు పలకకు ఇవతల కూర్చుని ఒకే లైను నలభై సార్లు వింటే ఎంతటి శాంతమూర్తికైనా చెప్పు విసరాలనిపిస్తుంది. కానీ ట్రాకమ్మ మీద మాత్రం నాకు విసుక్కునే అవకాశం దొరికేది కాదు. పది గంటలకు రమ్మంటే పావు తక్కువకే వచ్చేది. చెప్పులు తలుపు బయట విప్పేది. టిక్కు టిక్కుమనే చప్పుడు మైకులో పడుతుందని చేతి గడియారం తీసి నా బల్ల మీద పెట్టేది. వేడినీళ్ళ ఫ్లాస్కు, పెన్సిలుతో పాట రాసుకునే పుస్తకం, అంతే ఆమె సరంజామా. పెన్సిలే ఎందుకమ్మా అని ఒకసారి అడిగాను. "ఎలాగూ చెరిపేసేదానికి సిరా ఎందుకు దండగ, అన్నయ్యా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇరవై ఏళ్ళ వయసులో గొంతు పరీక్షకని వచ్చింది. అప్పటి పెద్దాయన ఒకాయన విని, "నీ గొంతు మంచినీళ్ళమ్మా. ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నెలా ఉంటుంది" అన్నాడు. పొంగిపోయి ఆ మాట ఇంటికి ఉత్తరం రాసిందట. అది మెచ్చుకోలో శాపమో తెలియడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది. సన్నగొంతు గాయనికి ట్రాక్ పాడాలంటే సన్నగా పాడేది, బొంగురు గాయనికైతే కాస్త బొంగురు కలిపేది. ఆవిడెక్కడ నవ్వుతుందో, ఎక్కడ జారుతుందో అన్నీ పట్టేసేది. ఇంత బాగా ఇంకొకరిలా పాడేదాన్ని పిలిచి నీలా పాడమ్మా అనేవాడెవడు? పైగా మంచి ట్రాకు సింగరు దొరకడం కష్టం, మంచి సింగర్లు వీధికి పదిమంది. ఎవరూ ఆమెను అక్కణ్ణించి కదలనివ్వలేదు. అందులో నేనూ ఉన్నాను.

"నాకు సొంతమంటూ ఏముందన్నయ్యా? ఇల్లూ అద్దెదే, గొంతూ అద్దెదే" అనేది.

ఇల్లంటే మేడ మీద ఒక గది. కింద ఇంటావిడ, ఆవిడ భర్త, ఇద్దరు ఆడపిల్లలు. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చి రెండుసార్లూ గుమ్మం దాకా వచ్చి మళ్ళిపోయిందట. తోడబుట్టిన అన్నకు తన సంసారమే మోయలేనంత. ఆ గదిలో ఒక మంచం, ఒకే ఒక్క కుర్చీ, కిటికీలో రేడియో. రేడియోలో ఏదైనా పాట వస్తే, దానికి ట్రాక్ పాడింది తనేనని గుర్తొస్తే, అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయేదట. నేనెక్కడైనా సరిగ్గా చెరపలేదేమో, అడుగున తన గొంతు కాస్త మిగిలి వినిపిస్తుందేమోనని. "మీరు మహా శుభ్రంగా చెరుపుతారన్నయ్యా" అనేది. నేను దాన్ని మెచ్చుకోలు కిందే తీసుకున్నాను. మొద్దు వెధవని.

ఆదివారాలు గొంతుకు విశ్రాంతని మౌనం పాటించేది. ఒకసారి నేను, "మాట్లాడటానికి నీకెవరున్నారు గనక మౌనం?" అని ఎగతాళి చేశాను. నవ్వేసి ఊరుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటికి ఆ ఊరి దారి తెలియదు.

సరే, అసలు కథకు వస్తాను.

టీవీలో ఒక పాటల పోటీ నడిచింది. ఆరు నెలలు, వారం వారం. ఎక్కడెక్కడి ఆడపిల్లలో వచ్చి పాడారు, ఏడ్చారు, ఓడిపోయారు. చివరికి జనం ఓట్లేసి ఐదుగురిని నిలబెట్టారు. ఆ ఐదుగురినీ కలిపి ఛానల్ వాళ్ళు ఒక జట్టు కట్టారు. దానికేదో తళతళలాడే పేరు కూడా పెట్టారు, అది నా నోట పలకదు. ఐదుగురి ముఖాలూ బస్సుల వెనకాల, గోడల మీద, బిస్కెట్ పొట్లాల మీద. ఇక వాళ్ళ మొదటి ఆల్బమ్ రావాలి. ఎనిమిది పాటలు. జనానికి ముచ్చట తీరకముందే సీడీ బజార్లో ఉండాలని ఛానల్ మేడమ్ కాలు కాలిన పిల్లిలా మా వరండాలో తిరుగుతోంది. ఆ పిల్లలేమో ఊరూరా తిరిగి చేతులూపే పనిలో ఉన్నారు. ఇంకేముంది, ట్రాకమ్మకు కబురు వెళ్ళింది. ఆమె ఎనిమిది పాటలూ పాడి పెట్టాలి. ఐదుగురూ దాన్ని ప్రయాణాల్లో వింటూ నేర్చుకోవాలి. పది రోజుల తర్వాత వచ్చి పాడాలి.

మొదటి పాటే ఆల్బమ్‌కు ముఖం అన్నారు. పల్లవి ఇదీ:

కిటికీ తీస్తే వెలుగు మనదే
గడప దాటితే వీధి మనదే
రేపు మనదే, రేపు మనదే

పదిహేడేళ్ళ పిల్లలు గంతులేస్తూ పాడే పాట. చివరి 'రేపు' దగ్గర గొంతు పై మెట్టెక్కి అక్కడే నిలబడాలి.

ఆ రోజు ట్రాకమ్మ ఆలస్యంగా వచ్చింది. పాతికేళ్ళలో మొదటిసారి. గడియారం తీసి నా బల్ల మీద పెట్టింది గానీ రోజూలా ఏ పలకరింపూ లేదు. నేను కూడా అడగలేదు. నాకెందుకులే అనుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

పాడింది. బ్రహ్మాండంగా పాడింది. నలభై ఏడేళ్ళ మనిషి గొంతులో పదిహేడేళ్ళ పిల్ల గెంతుతోంది. ఒక చరణం అయింది, రెండోదీ అయింది. చివరిసారి పల్లవి ఎత్తుకుని, 'రే' అని పైకి వెళ్ళింది, అక్కడ తెగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఒక ఊపిరి, పిల్లలు ఏడ్చి ఏడ్చి ఆపాక వస్తుందే, అలాంటిది. ఆ తర్వాత 'పు మనదే' అని ముగించింది.

గాజు అవతల నుంచి చేయి ఎత్తింది. "అన్నయ్యా, ఇంకొక్కసారి. చివర్న తెగింది."

నా మాట అవతలికి వినిపించే బొత్తాం నొక్కి చెప్పాను. "ట్రాకే కదా అమ్మాయ్. ఎలాగూ చెరిపేసేదేగా. తర్వాతి పాటకు పద, నాకు ఆకలేస్తోంది."

"ఒక్కసారే అన్నయ్యా, తప్పుగా ఉండిపోతుంది..."

"ఎక్కడ ఉండిపోతుంది? నేను బతికుండగా నీ గొంతు ఎక్కడైనా ఉండిపోయిందా?"

జోకు అనుకునే అన్నాను. ఆమె పుస్తకంలో పేజీ తిప్పింది.

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే చెప్పింది. పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చిందట. గొంతులో ఏదో పెరుగుతోందట. తీసేయాలట. ప్రాణానికేం భయం లేదు, మాట్లాడుకోవచ్చు, పాడటం మాత్రం మరిచిపొండమ్మా అన్నాడట.

"ఎంత తేలిగ్గా అన్నాడో అన్నయ్యా. గొడుగు బస్సులో మరిచిపోయినట్టు" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

అప్పుడు నాకు ఆ 'రేపు' ఎందుకు తెగిందో అర్థమైంది. వెనక్కి వెళ్ళి ఇంకోసారి పాడమ్మా అందామా అనుకున్నాను. అనలేదు. ఇంకా ఐదు పాటలున్నాయి.

"ఒకటి అడగనా? ఇన్నేళ్ళలో ఏమీ అడగలేదు కదా మిమ్మల్ని" అంది.

"అడుగు."

"ఈ ఎనిమిదింటిలో ఎక్కడైనా ఒక్కచోట నన్ను చెరపకుండా ఉంచగలరా? పాటంతా వద్దు. పేరూ వద్దు. అసలు మాటలే అక్కర్లేదు. కింద ఇంటావిడ పిల్లలున్నారు. ఆంటీ ఏం చేస్తుందంటే పాటలు పాడుతుందని చెప్పుకుంటాను. ఏ పాట ఆంటీ అంటారు. చూపించడానికి ఒక్కటంటే ఒక్కటి లేదన్నయ్యా. కోతలు కోస్తున్నాననుకుంటున్నారు. పెద్దదైతే నా ఎదురుగానే నవ్వుతుంది. ఒక్కటి ఉంటే, ఇదిగో ఇది నేనే అని చూపిస్తాను. తర్వాత ఈ గొంతు ఏమైపోయినా పర్లేదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళు తిరిగితే నాకు రోషం కూడా వస్తుంది. "చివరి పాట మొదట్లో హమ్మింగు ఉంది చూడు, పన్నెండు సెకన్లు. అది నీదే. నేను ఉంచుతాను. ఎవడొచ్చి అడుగుతాడో చూస్తా" అన్నాను, గ్లాసు మెట్టు మీద ఠక్కున పెట్టి.

"నిజంగా?"

"మాటంటే మాటే."

ఆ హమ్మింగు ఆమె సాయంత్రం పాడింది. నేను ఎవరిలా పాడాలో చెప్పలేదు. ఎవరిలా పాడాలి అన్నయ్యా అని ఆమే అడిగింది. నీలా పాడు అన్నాను. కాసేపు ఊరికే నిలబడిపోయింది, దారి తప్పినదానిలా. మూడుసార్లు పాడితే గానీ కుదరలేదు. కుదిరాక, అది ఎవరి గొంతో నాకే తెలియలేదు. పాతికేళ్ళుగా పక్కనున్న మనిషిని అప్పుడే మొదటిసారి విన్నాను.

పది రోజులకు ఐదుగురూ దిగారు. మంచి పిల్లలే, అబద్ధం ఎందుకు చెప్పాలి. అలసిపోయి కళ్ళు గుంటలు పడ్డాయి. వాళ్ళలో చిన్నదానికి పదహారో పదిహేడో, సోఫాలో కూర్చున్న చోటే నిద్రపోయేది. ముందు దాన్నే మైకు దగ్గర నిలబెట్టాం. మొదటి పాట. హాయిగా పాడుతోంది. చివరి పల్లవి వచ్చింది. 'రే' అని పైకెళ్ళి ఆగింది. సరిగ్గా అంతే సేపు. అదే ఊపిరి తీసుకుంది. 'పు మనదే' అని ముగించింది.

పొరపాటేమో అనుకున్నాను. రెండో పిల్ల వచ్చింది, అదీ అంతే. మూడోదీ, నాలుగోదీ, ఐదోదీ. ఐదుగురూ ఒకే చోట తెగారు, ఒకేలా ఊపిరి పీల్చారు.

పాట కట్టినాయన కుర్చీలోంచి లేచాడు. "ఆ విరుపు ఎవరు చెప్పారమ్మా మీకు? నేను పెట్టలేదే!"

"పాటలో అలాగే ఉంది కదా సార్?" అంది చిన్నది కంగారుగా. "షోలో మాకు అదే నేర్పారు. ఉన్నది ఉన్నట్టు దించాలి, ఊపిరి కూడా మారకూడదని. మారిస్తే మార్కులు తీసేసేవాళ్ళు."

"తప్పని కాదమ్మా, అద్భుతంగా ఉంది. పాటకంతా అదే ప్రాణం. ఒక్కచోటే ఎందుకు? పల్లవి వచ్చినప్పుడల్లా అదే వేయండి."

అదండీ సంగతి. పెద్ద గాయని ఎవరైనా అయితే వినగానే "ఎవరికో ఎక్కిళ్ళొచ్చాయి" అని నవ్వి సరిగ్గా పాడుకునేది. ఈ పిల్లలకు ఆరు నెలలు దించడం ఒక్కటే నేర్పారు. ఒక మనిషి ఏడుపు ఆపుకున్న ఊపిరిని కూడా అచ్చుగుద్దినట్టు దించేశారు. నేను నోరు తెరిచి, అయ్యా, అది ట్రాకమ్మది, ఆ రోజు ఆమెకు ఇలా అయింది అని చెప్పవచ్చు. చెప్పలేదు. చెబితే తీసేస్తారేమోనని ఒక భయం. ఉంచేస్తారేమోనని ఇంకో భయం.

తర్వాత మిక్సింగు, అంటే గొంతులూ వాయిద్యాలూ కలిపి పాటను ముగించే పని. ఛానల్ మేడమ్ నా పక్కనే కుర్చీ వేసుకుంది. ఏడు పాటలు అయ్యాయి. ఎనిమిదో పాట మొదలైంది, హమ్మింగు వచ్చింది. మేడమ్ ఫోన్‌లోంచి తలెత్తింది.

"ఇది ఎవరి గొంతు?"

"ట్రాకండీ" అన్నాను.

"ఇంకా ఉందేం? తీసేయండి. కవరు మీద 'ఐదు గొంతులు, ఐదు కలలు' అని వేశాం. ఆరో గొంతు ఎక్కణ్ణించి వచ్చిందని ఎవడైనా అడిగితే మా పరువేం కావాలి?"

"పన్నెండు సెకన్లేనండీ. చాలా బాగుంది..."

"బాగుంటే ఫ్లూట్ పెట్టండి, అదీ బాగుంటుంది."

ఎవడొచ్చి అడుగుతాడో చూస్తానన్నాను కదా. అడిగింది, చూశాను. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని మా ఆవిడ నన్ను ఊరికే అనదు. పిల్లల చదువులు గుర్తొచ్చాయి, ఉద్యోగం గుర్తొచ్చింది. వేలు దానంతటదే వెళ్ళి నొక్కింది. పాతికేళ్ళ అలవాటు. మహా శుభ్రంగా చెరిపేశాను.

ఇక్కడితో ఆగినా నేను కాస్త మనిషినే అనుకునేవాణ్ణి. ఈ సంగతి ఆమెకు చెప్పాలి. రేపు చెబుదాం అనుకున్నాను, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఒకరోజు ఆమే ఫోన్ చేసింది, కింద ఇంటావిడ ఫోన్ నుంచి. వెనకాల పిల్లల అల్లరి వినిపిస్తోంది.

"అన్నయ్యా, రేపు సీడీ వస్తోందట కదా. ఉంది కదా నాది?"

నేను ఏమన్నానో తెలుసా? "ఉందిలేమ్మా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆమె గొంతులో అంత ఆశ ఉంటే కాదనే నోరు రాలేదు. అంతే. ఆ రెండు ముక్కలూ అనేసి, పనుందని ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాత ఆమె స్టూడియోకు రాలేదు. ఆపరేషనుకు వెళ్ళి ఉంటుందనుకున్నాను. ఆసుపత్రికి వెళ్ళి చూడాలనుకున్నాను, ముఖం చెల్లలేదు. ఈలోగా ఆల్బమ్ ఊరినంతా ఊపేసింది. ఏ దుకాణంలో చూసినా అదే పాట, ఏ ఆటోలో చూసినా అదే పాట. పత్రికలో ఒకాయన ఆ విరుపు గురించి పావు పేజీ రాశాడు. చిన్నదాని సృష్టి అట, కొత్త తరం పాటకు అదే సంతకం అట. ఆ పేపరు మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాను.

రెండు నెలలకు ఇక ఉండబట్టలేక ఆమె ఇంటికి వెళ్ళాను. సాయంత్రం నాలుగైంది. ఇంటావిడ ముందు గదిలో బట్టలు మడతపెడుతోంది. నేను ఫలానా అని చెప్పగానే ఆవిడ ముఖం మారింది.

"మీరేనా ఆ రికార్డింగాయన? ఒక్కమాట అడుగుతానండీ, ఏమీ అనుకోకండి. లేనిదాన్ని ఉందని ఎందుకు చెప్పారు?"

నేను తల దించుకున్నాను. ఆవిడే చెప్పుకొచ్చింది. సీడీ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ట్రాకమ్మ కిందికి వచ్చిందట, ఇస్త్రీ చీర కట్టుకుని. ఆదివారం అయినా ఆ రోజు మౌనం లేదట. కాలేజీ పిల్లల మధ్య వరసలో నిలబడి కొన్న సీడీ, ప్లేటు నిండా బిస్కెట్లు తెచ్చిందట. ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. మొదటి పాట రాగానే ఆమె ముఖం ఎందుకో పాలిపోయిందట. మళ్ళీ సర్దుకుని, ఇది కాదు, చివరి పాట, చివరి పాట అని అందరినీ కూర్చోబెట్టిందట. ఏడు పాటలూ ఓపిగ్గా విన్నారు. ఎనిమిదోది మొదలవగానే చేయి ఎత్తి, "ఇదిగో, ఇప్పుడు. ఇదే" అందట.

"ఫ్లూట్ వచ్చిందండీ" అంది ఇంటావిడ. "మొదట్నించీ పెట్టమంది. పెట్టాం. మూడుసార్లు పెట్టాం. మా పెద్దది ఊరుకోక, అది ఫ్లూట్ ఆంటీ అంది. నేను దాన్ని కసిరాను. పోనీలెండి, పాట బాగుంది అన్నాను. ఇంకేమంటాను? ఆవిడ బిస్కెట్లు పిల్లలకిచ్చి, ప్లేటు కడిగి తీసుకుని, పైకి వెళ్ళిపోయింది. తల కొట్టేసినట్టయింది పాపం. నేనే చూడలేకపోయాను."

మేడ మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. తలుపు తీసే ఉంది. ఆమె కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. మెడకు చిన్న కట్టు. నన్ను చూసి లేచి, ఉన్న ఒక్క కుర్చీ నాకు జరిపి, తను మంచం మీద కూర్చుంది. కిటికీలో రేడియో లేదు.

"రేడియో ఏదమ్మా?"

"పాడైందన్నయ్యా. బాగు చేయించలేదు." గొంతు గరగరమంటోంది, ఇసుకలో కాళ్ళీడ్చినట్టు.

నేను అందుకున్నాను. ఛానల్ మేడమ్‌ను తిట్టాను, పాట కట్టినాయన్ను తిట్టాను, ఆ పత్రికలో రాసినవాణ్ణి తిట్టాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం, మధ్యలో నా బోటివాడు ఏం చేస్తాడని నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆమె అంతా వింది.

"తీసేశారని కాదన్నయ్యా. తీసేస్తారని నాకు మాత్రం తెలియదా? మీరు ఫోన్లో ఉందన్నారు. అదొక్కటే."

"తప్పయిపోయింది తల్లీ" అన్నాను. యాభై ఆరేళ్ళొచ్చాయి, ఒక మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

ఈసారి ఆమె నిజంగానే చిన్నగా నవ్వింది. "చూశారా విడ్డూరం? ఉంచమన్నది చెరిపేశారు. చెరపాల్సింది ఉంచేశారు. ఆ పిల్లలు ఐదుగురూ నా ఏడుపు పట్టుకుని పాడుతున్నారు. ఎక్కడికెళ్ళినా అదే. పాలు తేవడానికి వెళ్ళినా అదే. ఆసుపత్రిలో నర్సు కూడా అదే పాడుతూ నాకు సూది వేసింది."

"మంచిదేగా అమ్మాయ్. నీది ఏదో ఒకటి మిగిలింది."

"అది తప్పన్నయ్యా. నాకు పాడటం వచ్చు. అలా పాడను నేను" అంది. అప్పుడు మాత్రం కళ్ళు నిండాయి. "ఇంకొక్కసారి ఇచ్చి ఉంటే బాగా పాడేదాన్ని."

నేను లేచాను. మెట్ల దాకా సాగనంపుతానని ఆమె కూడా వచ్చింది. కింది మెట్ల మీద ఇంటావిడ పిల్లలిద్దరూ కూర్చుని పాడుతున్నారు, చేతులు చరుచుకుంటూ. పెద్దదానికి పదకొండేళ్ళు, చిన్నదానికి ఎనిమిది ఉంటాయి. కిటికీ తీస్తే వెలుగు మనదే, గడప దాటితే వీధి మనదే. 'రే' దగ్గర ఇద్దరూ ఆగారు. భుజాలెగరేసి ఊపిరి పీల్చారు. 'పు మనదే.'

ట్రాకమ్మ పైమెట్టు మీద ఆగిపోయింది. పాతికేళ్ళు పాట సరిగ్గా పాడి చూపించిన మనిషి, ఊరుకోలేకపోయింది. "అక్కడ ఆగకూడదమ్మా. ఒకే ఊపిరిలో వెళ్ళిపోవాలి, 'రేపు' అని."

పెద్దది వెనక్కి తిరిగి చూసింది. "కాదాంటీ. మీకు తెలీదు. సీడీలో ఆగుతారు. అదే స్టైలు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒసేయ్ పిల్లా, ఆ విరుపు ఈవిడదేనే! ఈవిడ పాడితే విని ఆ ఐదుగురూ నేర్చుకున్నారు. నేను రికార్డు చేశాను, నా చెవులతో విన్నాను!" అని అరిచాను.

చెప్పవలసిన చోట పాట కట్టినాయనకు చెప్పలేదు, మేడమ్‌కు చెప్పలేదు. చివరికి పదకొండేళ్ళ పిల్లకు చెప్పాను. అది నన్ను ఎగాదిగా చూసింది. చెల్లెలి చెవిలో ఏదో అంది. ఇద్దరూ కిసుక్కున నవ్వారు.

"అంకుల్ కూడా కోతలే" అంది చిన్నది.

నేను ఇంకా ఏదో అనబోతుంటే ట్రాకమ్మ నా మణికట్టు పట్టుకుంది. నన్ను దాటి నాలుగు మెట్లు దిగి, ఆ పిల్లల పక్కన కూర్చుంది.

"నాకు రాదుగానీ, ఎలాగో చెప్పమ్మా. నేర్చుకుంటాను" అంది.

పెద్దదానికి వెంటనే పెద్దరికం వచ్చేసింది. కాళ్ళు మడిచి సర్దుకుని కూర్చుంది. "ముందు 'రే' అనండి. పైకి అనాలి. ఇప్పుడు ఆగండి. ఏడుపొస్తే ఆపుకుంటాం చూడండి, అలా ఊపిరి తీసుకోవాలి. తీసుకున్నారా? ఇప్పుడు 'పు' అనేయండి."

ట్రాకమ్మ పాడింది. పై మెట్టుకు గొంతు చేరలేదు. సగం దూరం వెళ్ళి తెగింది, గరగరమంది, ఎక్కడో ఊపిరి దొరికింది. 'పు మనదే' అని నేల మీదకు దిగింది.

పెద్దది చప్పట్లు కొట్టింది. "వచ్చేసింది! అచ్చం సీడీలో లాగే పాడారాంటీ!"

ఆమె నా వైపు చూడలేదు. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ పిల్లతోనే అంది.

"ఇంకొక్కసారి పాడనా?"

"పాడండి, ఎన్నిసార్లయినా పాడండి" అంది పిల్ల.

నేను చేతి గడియారం తీసి జేబులో వేసుకుని, పైమెట్టు మీద చప్పుడు కాకుండా కూర్చున్నాను.